హట్‌బే నెలలు

ఆ ఏడు వానలు తొందరగా దిగాయి. పోర్ట్‌బ్లెయిర్‌లోని బతు బస్తీలో మేముండే అద్దె ఇంటి రేకుల మీద పొద్దున్న మొదలైన మోత సాయంత్రమైనా ఆగేది కాదు. ఆ మోతలో మా ఆయన గణేశ్వరరావు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాత క్యాలెండర్లు ఒళ్ళో పెట్టుకుని, తన జీవితంలోంచి నెలలు ఏరుకుంటూ ఉండేవాడు.

ఆయనకి ఒక సర్టిఫికెట్ కావాలి. ఈ మనిషి ప్రాజెక్టులు నడపగలడని ఒక అమెరికా సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. పోర్ట్‌బ్లెయిర్‌లో మొదలవబోతున్న పెద్ద పనికి ఒక కంపెనీ మనుషుల్ని తీసుకుంటోంది. ఆ కాగితం ఉన్నవాడు మేనేజరు. లేనివాడు ఎంత పని తెలిసినా సూపర్‌వైజరు. మా ఆయన పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివిన దగ్గర్నుంచీ సూపర్‌వైజరే. ఎండలో నిలబడి పని చేయించేది ఈయన, ఫ్యాను కింద కూర్చుని సంతకం పెట్టేది మెయిన్‌ల్యాండ్ నుంచి నిన్న గాక మొన్న దిగిన కుర్రాడు. అందుకని ఆ సర్టిఫికెట్ మీద మోహం పెంచుకున్నాడు. నా మీద కూడా ఎప్పుడూ అంత మోహం చూపించలేదు. చూపించడానికి మాకు పెళ్ళిచూపులు కూడా లేవు. మా అమ్మకి స్వయానా మేనల్లుడు. చిన్నప్పుడే శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి జంగ్లీఘాట్‌లో మా ఇంటికి వచ్చేశాడు. మా అమ్మ చేతి అన్నం తిని, నాతోనూ మా తమ్ముడు లక్ష్ముడితోనూ కొట్టుకుంటూ పెరిగాడు.

ఆ పరీక్ష పాసవడం కంటే పరీక్షకి కూర్చునే అర్హత రావడమే కష్టమట. డిప్లొమా వాళ్ళయితే ఐదేళ్ళ పాటు ప్రాజెక్టులు నడిపించినట్టు చూపించాలి. పని చేస్తే చాలదు, నడిపించాలి. అది కూడా గడిచిన ఎనిమిదేళ్ళలోపల చేసినదై ఉండాలి, అంతకంటే పాతది చెల్లదు. వీటికి తోడు తరగతులు వినాలి. ఆ తరగతులు మాత్రం వేసవిలోనే అయిపోయాయి. చెన్నై నుంచి ఒక మాస్టారొచ్చి హోటల్ హాల్లో చెబితే, మా ఆయన పెళ్ళినాటి చొక్కా వేసుకుని వెళ్ళి విని వచ్చాడు. ఇక మిగిలింది నెలలు ఏరడమే.

"ఫెరార్‌గంజ్ బడి అయింది. డాలీగంజ్ క్వార్టర్లు అయ్యాయి. ఇంకా తక్కువే పడుతున్నాయి గవరీ. ఏక్ సాల్ సే జ్యాదా, ఏడాది పైనే తక్కువ," అన్నాడు.

నేను బడిలో కాంట్రాక్టు టీచర్ని. ఆ అప్లికేషన్ ఇంగ్లీషులో నింపి పెట్టే పని నా నెత్తిన పడింది. అందుకని నేనే అడిగాను.

"హట్‌బే వేయలేదేం బావా? అది కలిపితే సరిపోతుంది కదా."

"అది వద్దు."

"ఎందుకొద్దు? అంత పెద్ద పని ఇంకెక్కడ చేశావు నువ్వు? వచ్చే ఏడాదికి అది పాతదైపోయి అసలే చెల్లదు."

"ఛోడ్ దో, వదిలెయ్యి అన్నాను కదా."

ఎందుకు వద్దంటున్నాడో నాకు అర్థమైందనే అనుకున్నాను. లక్ష్ముడు పోయింది హట్‌బేలోనే, పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడ మీద వెళ్ళాల్సిన వేరే దీవిలో. సునామీలో ఇళ్ళు కొట్టుకుపోయిన వాళ్ళకి అక్కడ శాశ్వతమైన ఇళ్ళు కడుతున్నారు. విశాఖపట్నంలో ఉండే పరంధామయ్యగారి కంపెనీకి ఆ పనిలో కొంత వచ్చింది. అక్కడ సైటు చూసేది మా ఆయన. జెట్టీ విరిగిపోయి ఉండటంతో సామాను మోసుకొచ్చిన బార్జి దూరంగా నీళ్ళలోనే ఆగేది. దాని మీంచి రేకులూ ఇనుమూ చిన్న పడవల్లోకి దింపుకుని ఒడ్డుకి తేవాలి. డుంగీలంటాం మేం ఆ పడవల్ని. మా తమ్ముడు తన డుంగీ వేసుకుని బావ దగ్గర పనికి వెళ్ళాడు. వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం రేకుల లోడుతో వస్తుండగా కెరటం కొట్టి పడవ తిరగబడింది. పెళ్ళి కుదిరి ఉంది వాడికి. శవం రెండో నాడు దొరికింది.

కాబట్టి ఆయన బాధ కొద్దీ వద్దంటున్నాడనుకున్నాను. కానీ నాకు మరో బాధ ఉంది.

"మా తమ్ముడి ప్రాణం పోయిన పని బావా అది. అదొక్కటీ లెక్కలోకి రాకుండా పోతే వాడు కూడా లెక్కలోకి రాకుండా పోయినట్టే ఉంటుంది నాకు. రాయి. వాడి వల్ల నీకింత మేలు జరిగిందంటే వాడు సంతోషిస్తాడు," అన్నాను. అనేసరికి నాకే ఏడుపొచ్చింది.

ఆయన ఒళ్ళోని క్యాలెండర్లలోంచి హట్‌బే నాటివి తీసి నా ముందు పెట్టాడు. తర్వాత, "సరే రాయి," అన్నాడు.

*

ఆదివారం జంగ్లీఘాట్ వెళ్ళాం. సముద్రం మీద గాలులున్న రోజులు కావడంతో నాన్న ఇంట్లోనే ఉన్నాడు. అరుగు మీద కాళ్ళు చాపుకుని వల చిరుగులు కట్టుకుంటున్నాడు. పేరు నూకన్న. ఒడ్డున ఉండాల్సివస్తే ఆయనకి తిండి కూడా సయించదు. మా అమ్మ కాళమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపల పొలుసు తీస్తోంది. పొలుసు తీసేటప్పుడు మా అమ్మ పరంధామయ్యగారిని తిట్టడం ఆ ఏడేళ్ళుగా అలవాటు. కాఫీ కాచేటప్పుడూ, బట్టలు పిండేటప్పుడూ కూడా తిట్టేది గాని, పొలుసు తీసేటప్పుడు తిట్టే తిట్లకి ఒక ఊపుండేది.

"ఆడి జిమ్మడిపోను, ఆడి ఇల్లు బుగ్గయిపోను. మేడ మీద కూకోని ఫోన్లో పంపించీమన్నాడు నా కొడుకుని. ఆడి కొడుకునైతే పంపించీవోడా సెప్పు?"

"సర్లేవే. పిల్లలొచ్చినారు," అన్నాడు నాన్న.

ఈ తిట్లకి మూలం ఒక్క మాట. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు అందరూ మా ఆయన చుట్టూ చేరి, అలాంటి సముద్రం మీదకి పడవనెలా పంపారని అడిగితే, ఆయన "పైనుంచి ఆర్డరు" అన్నాడు. ఈ దీవుల్లో ఆ మాటకి తిరుగు లేదు. బియ్యం పైనుంచి రావాలి, ఆఫీసరు పైనుంచి రావాలి, ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో పైనుంచి తెలియాలి. పైన అంటే మెయిన్‌ల్యాండ్. బడి ప్యూన్ దగ్గర్నుంచి మేస్త్రీ దాకా 'ఊపర్ సే ఆర్డర్ హై' అన్నారంటే ఇంక ఎవరూ నోరెత్తరు. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని అడిగే అలవాటే మాకు లేదు. మా ఆయనకి పైన ఉన్నది పరంధామయ్యగారు. అందుకని మా ఇంట్లో ఆయన యముడైపోయాడు.

సర్టిఫికెట్ సంగతి విని నాన్న అడిగాడు. "ఏటి సూపించాలంటావు ఆళ్ళకి?"

"పని నేనే నడిపించానని చూపించాలి మావా. ఎప్పుడేం చెయ్యాలి, ఎవరు చెయ్యాలి, నిర్ణయాలన్నీ నావేనని."

"అంటే తండేలన్నమాట."

తండేలంటే పడవకి పెద్ద. వల ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో అతని మాటే మాట.

"హా మావా. వైసా హీ," అన్నాడు మా ఆయన.

"హట్‌బే పని కూడా రాసినావా?"

"రాయమంది గవరి."

నాన్న వలలోంచి తలెత్తి చూసి నవ్వాడు. "నువ్వక్కడ తండేలువేట్రా! పైనోడు సెప్పీవోడు, నువ్వు సేయించీవోడివి. అయినా పర్లేదు, రాసీసుకో. ఆ అమెరికావోడేటి వొచ్చి సూస్తాడా? పొట్టకూటి కోసం ఒక అబద్దం. మన లక్ష్ముడు కూడా ఏటీ అనుకోడు."

మా ఆయన చటుక్కున లేచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి కింద చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఇంకా అన్నాలు వడ్డించనే లేదు. ఆకలేసిందేమో అనుకుని నేను కంచాలు పెట్టాను.

*

అప్లికేషన్ పంపించడానికి అబర్డీన్ బజార్‌లో నెట్ సెంటర్‌కి వెళ్ళాం. వానాకాలంలో మా ద్వీపంలో నెట్ ఎలా ఉంటుందంటే, ఒక పేజీ నొక్కి, బయటికెళ్ళి టీ తాగి, గొడుగు దులుపుకుని వచ్చేసరికి సగం తెరుచుకుని ఉంటుంది. అలాగే కూర్చుని పంపించాం. హట్‌బే గురించి ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. సామాను రవాణా ఎవరి నిర్ణయం అని ఒకచోట రాయాల్సివచ్చింది.

"నాదే అని రాయి," అన్నాడు.

నాన్న చెప్పిన పొట్టకూటి అబద్ధం గుర్తొచ్చి నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. కొందరి అప్లికేషన్లు ఏరి నిజమో కాదో చూస్తారట, అందులో మాది పడింది. ప్రతి పనికీ అప్పట్లో ఈయన పైన ఉన్నవాళ్ళు 'అవును, ఇతనే నడిపించాడు' అని సంతకం చెయ్యాలి. ఫెరార్‌గంజ్ వాళ్ళూ డాలీగంజ్ వాళ్ళూ ఊళ్ళోనే ఉన్నారు, అడగ్గానే చేసిచ్చారు. మిగిలింది పరంధామయ్యగారు.

ఈ సంగతి మా అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది. కానీ మా ఇంట్లో విషయాలు దాగవు. వినగానే అమ్మ కొంగు దోపుకుంది.

"ఆడికి ఫోన్ సేస్తావా? నా ఎదటే సెయ్యి. గట్టిగా ఇనబడీలాగెట్టు. ఏడేళ్ళబట్టి తిడతన్నాను, ఆడి గొంతెలాగుంటాదో ఒకపాలి ఇననీ."

"ఎందుకత్తా, పాత గాయాలు..."

"నోరెత్తన్రా. మీ మావ మీదొట్టు."

"నా మీదెందుకే, నీ మీదే ఏసుకో ఒట్టు," అన్నాడు నాన్న.

నేను నవ్వాను. మా ఆయన అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. కుదరదనచ్చు, సిగ్నల్ లేదనచ్చు, మా ఊళ్ళో అది ఎవరైనా నమ్మే మాటే. ఏమీ అనకుండా జేబులోంచి ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు. ఆయన కూడా అది జరగాలనే కోరుకున్నాడేమోనని ఇప్పుడనిపిస్తుంది.

అమ్మ ఎండు రొయ్యల చాట ముందేసుకుని తలలు తుంచుతోంది. ఆయన ఫోన్ అరుగు మీద పెట్టాడు. కాస్సేపు మోగాక, దగ్గుతో కలిసి ఒక ముసలి గొంతు పలికింది.

"ఎవరూ... గణేశ్వరరావా? ఎన్నాళ్ళకి నాయనా! మీ దీవి మునిగిపోలేదు కదా ఈ వానలకి?"

అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె అనుకున్న గొంతు అది కాదు. మా అందరికీ అంతే. ఆ గొంతు పెద్దవాళ్ళింట్లో తాతయ్య గొంతులా ఉంది.

మా ఆయన సర్టిఫికెట్ సంగతి చెప్పాడు.

"దానిదేముంది నాయనా, పంపించు, ఇవాళే పెట్టేస్తాను సంతకం. అబద్ధమా ఏమన్నానా? ఆ ఇళ్ళన్నీ నువ్వు కట్టించినవే. నాకు ఓడెక్కితే కళ్ళు తిరుగుతాయి. నేనొక్కసారన్నా వచ్చానా అక్కడికి? ఫొటోల్లో చూసుకోవడమే."

"థాంక్యూ సార్. ఉంటాను సార్."

"ఉండు నాయనా. ఆ కుర్రాడి అమ్మానాన్నా ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు సార్."

"నువ్వింకా ఆ దిగులు పెట్టుకునే ఉన్నావా? నీ గొంతు అలాగే ఉంది. వదిలెయ్యి నాయనా. ఆ పొద్దున్న నీకు చెప్పాను కదా, సముద్రం చూసుకో, బాగోకపోతే ఆపెయ్యి, ఆలస్యానికి జవాబు నేను చెప్పుకుంటానని. నువ్వు చూసుకునే పంపించావు. నడిపించేవాడికి ఒక్కోసారి అంచనా తప్పుతుంది. కావాలని చేశావా? ఆ తల్లికి నా నమస్కారాలు చెప్పు."

"చెబుతాను సార్," అన్నాడు మా ఆయన. ఫోన్ ఆగిపోయింది.

అమ్మ మళ్ళీ రొయ్యల తలలు తుంచడం మొదలుపెట్టింది. నాన్న వల చేతిలోకి తీసుకున్నాడు. నాకు మాత్రం ఆ మాటలు చెవుల్లోకి వెళ్ళాయి గాని బుర్రలోకి ఇంకా వెళ్ళలేదు.

"ఆ రోజు గాలేటి?" అన్నాడు నాన్న, వలలోంచి తలెత్తకుండా.

"నైరుతి, మావా."

"సూసే పంపినావా?"

"చూశాను. ఒక్క ట్రిప్పు రేకులే మిగిలాయి. సాయంత్రానికి వెళ్ళిపోతానన్నాడు బార్జివాడు. ఈలోగా అయిపోతుందనుకున్నాను."

"ఆడేటన్నాడు?"

"రేపేద్దాం బావా అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"పైనుంచి ఆర్డరుందన్నాను."

అప్పుడెక్కింది నా బుర్రకి. వాడు రేపు అన్నాడు. నా తమ్ముడు సముద్రం చదవగలిగినవాడు, వద్దని తెలిసినవాడు, ఆ ఒక్క మాటకి తలొంచి పడవెక్కాడు. ఆ క్షణాన మా ఆయన మీద నాకు కలిగింది కోపం అంటే చిన్న మాట. అసహ్యం వేసింది. మరుక్షణం ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఆ జాలి కలిగినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది.

అమ్మ చాట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నాన్న ఒక చిరుగు పూర్తిగా కట్టి, దారం తెంపాడు.

"తండేలునని రాసీసుకున్నావు. ఆయన కూడా అవునన్నాడు," అన్నాడు. "మరి తండేలు సెయ్యవలసిన పనొకటి ఉండిపోనాది. నీకు తెల్దేటి? నువ్వు మా వోళ్ళల్లోనే పుట్టినోడివి కాదేటి?"

"తెలుసు మావా."

"మరైతే రా ఒక దినం. ఇప్పుడెల్లు."

*

ఆ పనేమిటో నాకూ తెలుసు, నాన్న చెప్పగా విన్నాను. మా వాళ్ళు వచ్చిన ఒడ్డున ఒక ఆచారం ఉండేదట. పడవలో వెళ్ళిన మనిషి ప్రాణంతో తిరిగి రాకపోతే, ఆ తండేలు చెప్పుల్లేకుండా ఆ ఇంటికి వెళ్ళి, గడప బయట నేల మీద కూర్చోవాలి. చనిపోయినవాడి తల్లి బయటికొచ్చి కడుపు మంట తీరేదాకా తిడుతుంది. పగలంతా తిట్టినా ఎదురు చెప్పకూడదు. ఆఖరికి ఆమె అలిసిపోయి ఇంత అన్నం పెడుతుంది. అది తిని లేస్తే, మర్నాడు అతను మళ్ళీ పడవ తీయచ్చు, ఆ ఇంటివాళ్ళు కూడా అతని పడవెక్కచ్చు. తప్పు మాసిపోతుందని కాదు. తప్పు ఎవరిదో తెలిసిపోయింది, అనాల్సింది అనేశారు, ఇక కలిసి బతకచ్చు అని.

లక్ష్ముడు పోయినప్పుడు మా ఆయన అలా కూర్చోలేదు. అందరితోపాటు ఏడ్చే మేనల్లుడిలా, అల్లుడిలా లోపలే కూర్చున్నాడు. శవాన్ని మోసిన నలుగురిలో ఒకడు.

ఇంటికొచ్చాక వారం రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. వండాను, వడ్డించాను, బడికి వెళ్ళి పిల్లల చేత ఎక్కాలు చెప్పించాను. ఒక సాయంత్రం ఆయనే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. పరంధామయ్యగారి సంతకం అందింది, పంపించింది సరిపోయింది, పరీక్షకి అర్హుడేనని జవాబొచ్చిందట. ఆ మాట చెబుతున్న మనిషి ముఖం చూస్తే అది మంచి వార్తో చెడ్డ వార్తో ఎవరూ చెప్పలేరు.

"మంచిది," అన్నాను. తర్వాత ఉండబట్టలేక అడిగాను. "నాకైనా ఎందుకు చెప్పలేదు?"

"మొదట శవం దొరికాక చెబుదామనుకున్నాను. దొరికాక అత్తని చూసి నోరు రాలేదు. అప్పటికే అందరూ పరంధామయ్యగారిని తిట్టడం మొదలుపెట్టారు. ఆయనెక్కడో ఉన్నాడు, ఆయనకి వినపడదు కదా, పోనీలే అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ ఇంక కుదరలేదు గవరీ."

"మరి హట్‌బే రాయమంటే ఎందుకు రాయనిచ్చావు? వద్దని గట్టిగా అంటే సరిపోయేది. నెలలు తక్కువైతే తక్కువయ్యేవి."

"ఎవరో తెలియని వాళ్ళు కదా వాళ్ళు. వాళ్ళ దగ్గరైనా ఒక్కసారి నిజం చెబుదామనిపించింది. నువ్వు రాస్తుంటే చాలా తేలిగ్గా అనిపించింది," అన్నాడు.

నేను స్టవ్ ఆర్పేశాను. కూర ఉడికిందో లేదో కూడా చూడలేదు.

*

మరుసటి ఆదివారం వెళ్ళాం. ఆయన ఒక్కడే వెళతానన్నాడు గాని, నేను ఊరుకోలేకపోయాను. వీధి మొదట్లోనే చెప్పులు విప్పేశాడు. సన్నగా వాన పడుతూనే ఉంది. అమ్మ వాళ్ళ గడప ముందు, బురదలో, తను పెరిగిన ఇంటి ముందు, ఆయన నేల మీద కూర్చున్నాడు. నేను చూరు కింద నిలబడ్డాను. పక్కింటి వాళ్ళు తలుపులు తీసి చూసి, సంగతి అర్థమై మళ్ళీ వేసుకున్నారు. జంగ్లీఘాట్‌లో ఈ ఆచారం తెలిసినవాళ్ళు ఇంకా కొందరున్నారు.

నాన్న గుమ్మంలోపల స్తంభానికి ఆనుకుని కూర్చుని, "కాళీ, వొచ్చినాడు," అని పిలిచాడు.

అమ్మ వచ్చింది. జుట్టు ముడేసుకుని గడప మీద కూర్చుంది. మేనల్లుడి వైపు చూసింది. తడిసిన తల, వంగిన మెడ. చిన్నప్పుడు జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకుని ఊపింది కూడా ఆ తలనే. నోరు తెరిచింది.

"నీ జిమ్మ..." అని ఆగిపోయింది.

మళ్ళీ మొదలుపెట్టబోయింది. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. మా అమ్మకి తిట్టు దొరక్కపోవడం నేనెప్పుడూ చూడలేదు. వాన నీళ్ళు చూరు మీంచి ఆయన ముందు గుంటలో పడుతున్నాయి. ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు.

"రావట్లేదురా," అంది అమ్మ ఆఖరికి. "ఉన్నయ్యన్నీ ఆ ముసలాయనకి ఎట్టీసినాను. పొద్దూ మాపూ ఎట్టినాను. ఆయన కొంప కూలిపోవాలన్నాను, ఆయన పిల్లలు సచ్చిపోవాలన్నాను. ఆయనేమో నాకు నమస్కారాలు సెప్పమన్నాడు. ఇంక నీకేటి తిట్టన్రా? నా దగ్గరేటీ మిగల్లేదు."

"అత్తా, ఒక్క మాటను. కొట్టు పోనీ," అన్నాడు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

అమ్మ తల అడ్డంగా ఊపింది. నా వైపు తిరిగింది.

"నువ్వు తిట్టే గవరీ. తోడబుట్టినదానివి, నీకు హక్కుంది. సదువుకున్నదానివి, నీకు మాటలుంటాయి. తిట్టీ. తిట్టకుండా ఈడికి కూడెలాగెట్టను?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో భయం లేదు, ఆశ ఉంది. నా దగ్గర మాటలున్నాయి. వారం రోజులుగా బియ్యం కడుగుతూ, బట్టలు ఆరేస్తూ, నల్లబల్ల తుడుస్తూ పోగేసుకున్న మాటలు గొంతు దాకా నిండి ఉన్నాయి. రేపేద్దాం బావా అన్న నా తమ్ముడి తరఫున అనాల్సినవన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. ఒక్కటి బయటికొస్తే మిగతావన్నీ వస్తాయని నాకు తెలుసు. అవన్నీ వచ్చేశాక మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని, ఎవరితో కలిసి ఇంటికి వెళ్ళను?

"పద, ఇంటికెళదాం," అన్నాను.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళింది, అన్నం తేలేదు. బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన పంచె అంచుల బురద నా చీరకి అంటుకుంది.

ఆ సంవత్సరం చివర్లో ఆయన పరీక్ష పాసయ్యాడు. అనుకున్న ఉద్యోగం వచ్చింది, ఇల్లు కూడా మారాం. నాన్న బతికున్నన్నాళ్ళూ ఎదురుపడితే 'ఏరా, బాగున్నావా' అనేవాడు గాని, తన పడవలో మాత్రం ఎక్కించుకోలేదు. ఆ తర్వాత అమ్మ ఎవరినీ తిట్టలేదు. మా ఇంటికొస్తే నాతో మాట్లాడి, అల్లుడు రాకముందే వెళ్ళిపోయేది.

ఇప్పటికీ కొన్ని రోజులు ఆయన కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా, ఆ రోజు గడప ముందు చూసినట్టే నా ముఖంలోకి చూస్తాడు. ఏం కావాలని అడుగుతాను. కూర వెయ్యనా, పచ్చడి వెయ్యనా అంటాను. తల అడ్డంగా ఊపుతాడు. ఆయనకేం కావాలో నాకు తెలుసు. అన్నం చల్లారిపోతోంది, తిను బావా అంటాను.